ఇంజిన్ ఎప్పుడో ఒప్పుకుంది, గింజలే దొరకలేదు

మెకానికల్ బ్రాంచి ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ ఏదైనా సరే, థర్మల్ ల్యాబ్‌లో ఒక మూల సిమెంటు దిమ్మ మీద బిగించిన సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిన్ ఒకటి ఉంటుంది. చాలాచోట్ల అది కిర్లోస్కర్‌దే. 80 మిల్లీమీటర్ల బోరు, 110 మిల్లీమీటర్ల స్ట్రోకు, 5 హార్స్‌పవర్, నిమిషానికి 1500 చుట్లు, నీళ్లతో చల్లబడే రకం. ఒకప్పుడు పొలం గట్ల మీద నీళ్లు తోడిన ఇంజిన్లకు ఇది దగ్గరి చుట్టం. గత పాతికేళ్లలో దీంట్లో పోసి మండించని నూనె లేదు: కానుగ, అడవి ఆముదం, ఇప్ప, వేప, పత్తి గింజలు, తవుడు, పొగాకు గింజలు, హోటల్లో వాడేసిన నూనె, చేపల నూనె, చివరికి పాత టైర్లను వేడిచేసి తీసిన నూనె కూడా. బీటెక్ ప్రాజెక్టులు, ఎంటెక్ థీసిస్‌లు, పీహెచ్‌డీలు, జర్నల్ పేపర్లు అన్నీ కలిపితే వేలల్లో ఉంటాయి.

ఆ పేపర్లు వరసగా నాలుగైదు చదివితే ఆరోది చదవక్కర్లేదనిపిస్తుంది. ఆ నూనె నుంచి చేసిన బయోడీజిల్‌ని డీజిల్‌లో 20 శాతం కలిపితే ఇంజిన్ బాగా నడిచింది, ఎఫిషియెన్సీ డీజిల్‌కి దగ్గర్లోనే ఉంది, పొగ తగ్గింది, కార్బన్ మోనాక్సైడ్ తగ్గింది, మండకుండా మిగిలే హైడ్రోకార్బన్లు తగ్గాయి, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం కాస్త పెరిగాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అప్పటికే జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి 2002లోనే లెక్క తేల్చింది. సోయా ఆధారిత బయోడీజిల్ 20 శాతం కలిపితే పొగలోని నలుసులు సుమారు 10 శాతం, హైడ్రోకార్బన్లు 21 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం తగ్గుతాయని, నైట్రోజన్ ఆక్సైడ్లు 2 శాతం పెరుగుతాయని. ఆ తర్వాత ఇక్కడ వచ్చిన చాలా పేపర్లు నూనె పేరు మార్చి ఈ లెక్కనే మళ్లీ మళ్లీ చెప్పాయి. మరి ఇన్నిసార్లు పాసైన ఇంధనం పెట్రోల్ బంకుకి ఎందుకు రాలేదు?

అసలు ఇంజిన్ వైపు నుంచి అభ్యంతరం ఎప్పుడూ లేదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఓటో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ని వేరుశనగ నూనెతో నడిపి చూపించింది. రుడాల్ఫ్ డీజిల్ వేరుశనగ నూనె కోసమే ఇంజిన్ తయారుచేశాడని సోషల్ మీడియాలో తెగ తిరుగుతుంటుంది గానీ అది నిజం కాదు. ఆ ఇంజిన్ ఖనిజ నూనె కోసం చేసిందే. ఆఫ్రికాలోని తమ వలసల్లో వేరుశనగ బాగా పండుతోంది కాబట్టి అక్కడి నూనెతో అక్కడే కరెంటు తీయొచ్చా అని ఫ్రెంచి ప్రభుత్వం అడిగితే, ఏ మార్పూ చేయకుండా ఆ నూనె పోసి నడిపారు. చూసినవాళ్లలో చాలామంది తేడా గమనించలేదని డీజిలే తర్వాత చెప్పుకున్నాడు. ఇక ఇప్పుడు మనం బయోడీజిల్ అంటున్న దానికి మూలం 1937లో బెల్జియంలో షవాన్ అనే శాస్త్రవేత్త తీసుకున్న పేటెంటు. పామాయిల్‌ని ఆల్కహాల్‌తో కలిపి ఎస్టర్‌గా మార్చి వాడారు, మరుసటి ఏడాది బ్రస్సెల్స్, లూవెన్ మధ్య దాంతో బస్సు కూడా నడిపారు. అంటే కానుగ నూనెతో ఇంజిన్ నడుస్తుందా అన్న ప్రశ్నకి జవాబు మన తాతల కాలంలోనే వచ్చేసింది.

నూనెని అలా ఎస్టర్‌గా మార్చడం ఎందుకంటే చిక్కదనం వల్ల. కానుగ నూనె 40 డిగ్రీల దగ్గర డీజిల్ కన్నా సుమారు పది రెట్లు చిక్కగా ఉంటుంది. నేరుగా పోస్తే ఇంజిన్ మొరాయించదు, అదే అసలు మోసం. కొన్ని గంటలు చక్కగానే తిరుగుతుంది. తర్వాత ఇంధనం చిమ్మే నాజిల్ మొనలో మసి పేరుకుంటుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి, ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది. అందుకే ట్రాన్స్‌ఎస్టరిఫికేషన్, అంటే నూనెని పలచని ఎస్టర్‌గా మార్చడం. చేసే పద్ధతి పెద్ద కష్టమైనదేం కాదు. లీటరు నూనెకి పావు లీటరు లోపు మిథనాల్, అందులో పది గ్రాముల లోపు కాస్టిక్ పొటాష్ కరిగించి, నూనెని 60 డిగ్రీల దగ్గర ఉంచి గంటసేపు కలియబెట్టి, సపరేటింగ్ ఫన్నెల్‌లో పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి కింద ముదురు గోధుమరంగు గ్లిజరిన్, పైన తేనెరంగు ఎస్టర్ వేరుపడి ఉంటాయి. ఎస్టర్‌ని గోరువెచ్చని నీళ్లతో నాలుగైదుసార్లు కడిగి తడి పోగొడితే బయోడీజిల్ తయారు. నూనె మంచిదైతేనే సుమా. గింజలు తడిగా ఉండగానే బస్తాల్లో వేసి నెలల తరబడి నిల్వ చేస్తే నూనె విడిపోయి ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు అనే ఆమ్లాలు పెరుగుతాయి, అవి రెండు శాతం దాటాయంటే ఫన్నెల్‌లో ఎస్టర్‌కి బదులు సబ్బు నురగ కనిపిస్తుంది. అప్పుడు ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఒక విడత నడిపి, తర్వాతే కాస్టిక్ వాడాలి. ఖర్చు పెరుగుతుంది, మిథనాల్ ఎక్కువ పడుతుంది. ల్యాబ్‌కి వచ్చే నూనె సాధారణంగా ఊళ్లోని గానుగ నుంచి కొన్న ఒకటి రెండు క్యాన్లు కాబట్టి ఈ బాధ పేపర్లో ఒక వాక్యంగా మిగిలిపోతుంది. రోజుకి పది టన్నుల ప్లాంటు పెట్టినవాడికి మాత్రం రోజూ ఇదే టెన్షన్.

కొలతల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలా థీసిస్‌ల ముగింపు దాని మీదే నిలబడి ఉంటుంది. పాత సెటప్‌లో ఇంధనాన్ని కొలిచేది బ్యూరెట్ అనే గీతలున్న గాజు గొట్టంతో. కాక్ తిప్పి ట్యాంకు నుంచి వచ్చేది ఆపేస్తే ఇంజిన్ బ్యూరెట్‌లోని ఇంధనం తాగుతుంది, 10 సీసీ దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఒకరు స్టాప్‌వాచ్‌తో చూస్తారు. ఫుల్ లోడ్ దగ్గర ఈ ఇంజిన్ గంటకి సుమారు కిలో డీజిల్ తాగుతుంది, అంటే 10 సీసీకి 30 సెకన్లు. బటన్ నొక్కడంలో అర సెకను అటూ ఇటూ అయితే అక్కడే ఒకటిన్నర శాతం పైగా తేడా. ఎఫిషియెన్సీ 30 శాతం ఉన్నచోట అది అర పాయింటుకి సమానం. చాలా పేపర్లలో "గణనీయంగా పెరిగింది" అని రాసేది సరిగ్గా ఈ అర పాయింటే! పైగా లీటరుకి ఉండే శక్తి బయోడీజిల్‌లో డీజిల్ కన్నా ఏడెనిమిది శాతం తక్కువ కాబట్టి, 20 శాతం మిశ్రమంలో తేడా ఒకటిన్నర శాతమే. బ్యూరెట్ దాన్ని పట్టుకోలేదు. ఏ నూనె కలిపినా 20 శాతం దగ్గర ఫలితం దాదాపు ఒకటే రావడం వెనక ఆ నూనెల గొప్పతనం కన్నా ఈ సంగతే ఎక్కువ ఉంది. కొత్త సెటప్‌లలో ఎలక్ట్రానిక్ ఫ్లో మీటర్లు, సిలిండర్ లోపలి పీడనం చూపించే సెన్సర్లు వచ్చాయి, కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఐఐటీల్లో 512 గంటల పాటు ఇంజిన్ నడిపి, విప్పి, అరుగుదల కొలిచిన పనులు ఉన్నాయి, నిజంగా పనికొచ్చేవి అలాంటివే.

ఇంకో పెద్ద చిక్కు, ఆ ఇంజిన్‌కీ రోడ్డు మీద తిరిగే బండికీ ఇప్పుడు పోలికే లేదు. నైట్రోజన్ ఆక్సైడ్ల విషయమే తీసుకోండి. బయోడీజిల్ నొక్కితే డీజిల్ కన్నా తక్కువ అణుగుతుంది, అందుకని పాత మెకానికల్ పంపు నొక్కిన నొక్కు పైపు గుండా నాజిల్‌కి కాస్త ముందే చేరుతుంది, ఇంజెక్షన్ ఆ మేరకు ముందుకు జరుగుతుంది, మంట వేడి పెరుగుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లూ పెరుగుతాయి. ఇప్పటి బండ్లలోని కామన్ రైల్ ఇంజిన్లో ఇంధనం 1600 బార్, అంతకు పైబడిన పీడనంలో రైల్ అనే గొట్టంలో ముందే సిద్ధంగా ఉంటుంది, నాజిల్ ఎప్పుడు తెరవాలో కంప్యూటర్ చెబుతుంది. అక్కడ ఈ కారణమే ఉండదు. 200 బార్ దగ్గర నాజిల్ తెరుచుకునే ఇంజిన్ మీద తేల్చిన లెక్క ఆ బండికి పనికిరాదు. దానికి వేరే సమస్య ఉంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది నిండినప్పుడు మసిని కాల్చేయడానికి కొన్ని ఇంజిన్లు పిస్టన్ కిందికి దిగాక ఆలస్యంగా ఇంకాస్త ఇంధనం చిమ్ముతాయి. అందులో కొంత సిలిండర్ గోడలకి అంటుకుని ఇంజిన్ ఆయిల్లోకి జారుతుంది. డీజిల్ అయితే అందులోని తేలిక భాగం మెల్లగా ఆవిరైపోతుంది. బయోడీజిల్ మరిగే ఉష్ణోగ్రత ఎక్కువ, కాబట్టి అక్కడే ఉండిపోతుంది, ఆయిల్ పలచబడుతుంది. కంపెనీలు ఏడు శాతం దాటితే వారంటీ విషయంలో వెనకాడేది ఇలాంటి కారణాల వల్లే. ఈ విషయం మీద కూర్చుని పని చేసిన థీసిస్‌లు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కామన్ రైల్ సెటప్ ఖరీదు అలాంటిది మరి.

ఇక గింజల కథ. 2003లో ప్లానింగ్ కమిషన్ కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలి, దానికి 1.34 కోట్ల టన్నులు కావాలి, అందుకోసం 1.12 కోట్ల హెక్టార్లలో జట్రోఫా, అంటే మన అడవి ఆముదం, వేయాలి. ఒక్క క్షణం ఆగి ఆ అంకె చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం 2.75 కోట్ల హెక్టార్లు. అందులో ఐదింట రెండు వంతుల నేలంత అడవి ఆముదం! అదీ హెక్టారుకి 1.2 టన్నుల బయోడీజిల్ వస్తుందన్న ధీమాతో. బీడు భూమిలో, నీళ్లు పెట్టకుండా, ఎరువు వేయకుండా ఈ దిగుబడి వస్తుందని ఎవరు ఎక్కడ చూసి రాశారో గానీ, నాటినవాళ్లకి మాత్రం రాలేదు. అప్పటివరకు అది కంచెగా వేసుకునే మొక్క. పశువులు ముట్టుకోవు కాబట్టి చేను చుట్టూ నాటేవాళ్లు. మంచి విత్తన రకం లేదు, కాయలన్నీ ఒక్కసారి పండవు, చెట్టు దగ్గరికి పదేపదే వెళ్లి కోయాలి. నూనె తీశాక మిగిలే పిండి విషపూరితం, పశువులకి పెట్టడానికి లేదు. 2002 డిసెంబర్ 31న ఢిల్లీ, అమృత్‌సర్ మధ్య 5 శాతం బయోడీజిల్‌తో రైలు నడిపారు, వార్తాపత్రికలన్నీ రాశాయి. 2006 జనవరి నుంచి లీటరు 25 రూపాయలకి ఆయిల్ కంపెనీలు కొంటాయని ప్రభుత్వం ప్రకటించింది, ఆ ధరకి తయారీ ఖర్చే రాదు కాబట్టి అమ్మడానికి వచ్చినవాళ్లు లేరు. 2009 పాలసీ 20 శాతం లక్ష్యాన్ని 2017కి జరిపింది. 2018 పాలసీ దాన్ని 5 శాతానికి దించి 2030కి జరిపింది. దేశం ఏటా తాగే డీజిల్ సుమారు 9 కోట్ల టన్నులు, 5 శాతమంటే 45 లక్షల టన్నులు. ఇంతవరకు కలిసింది ఒక శాతం కూడా దాటలేదు.

కానుగది కాస్త మెరుగైన కథ, ఎందుకంటే అది ఈ నేలకి కొత్త కాదు. పళ్లు తోముకునే పుల్ల దగ్గర్నుంచి పొలంలో తొక్కే పచ్చిరొట్ట వరకు అందరికీ తెలిసిన చెట్టు, రోడ్ల పక్కన, వాగుల ఒడ్డున దానంతట అదే పెరుగుతుంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ ఊళ్లో మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచి, నూనె మిల్లు పెట్టుకున్నారు, వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడుగా నిలిచింది. 2003లో ప్రపంచ బ్యాంకు ఆ ఊరికి 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సరిపడా లెక్కగట్టి 645 డాలర్లు చెల్లించింది. ఊరి స్థాయిలో అది చక్కగా కుదిరింది. గింజలు ఏరేవాళ్లు, ఆడించేవాళ్లు, పిండి పొలానికి వేసుకునేవాళ్లు అందరూ వాళ్లే. దాన్ని బంకు స్థాయికి లాగితే లెక్క మారిపోతుంది. మిల్లులో పావు వంతు నూనె వస్తుందనుకుంటే లీటరుకి దగ్గర దగ్గర నాలుగు కిలోల గింజలు కావాలి. కాయ ఏరి, ఎండబెట్టి, పగలగొట్టి, గింజ తీసిన మనిషికి కిలోకి 20 రూపాయలు ఇచ్చినా, గింజల ఖర్చే 75 రూపాయలు దాటుతుంది. మిథనాల్, కరెంటు, రవాణా ఆ పైన. 20 రూపాయలకి రోజంతా గింజలు ఏరితే కూలి గిట్టుతుందా అంటే, ఉపాధి హామీ పని దొరికే ఊళ్లో గిట్టదు. పైగా కానుగ నూనెకి సబ్బుల వాళ్లు, తోళ్ల వాళ్లు, చీడపీడల మందులు తయారుచేసేవాళ్లు ముందు నుంచీ ఉన్నారు, వాళ్లు ఇచ్చే ధర డీజిల్ కన్నా ఎక్కువే.

బయోడీజిల్ నడుస్తున్న దేశాలు చూస్తే విషయం ఇంకా తేటగా కనిపిస్తుంది. ఇండోనేషియా 2025లో 40 శాతం మిశ్రమానికి వెళ్లింది. వాళ్ల ఇంజిన్లు మన ఇంజిన్ల కన్నా గొప్పవేం కాదు, వాళ్ల దగ్గర పామాయిల్ మిగులుతోంది. అమెరికాకి సోయా, యూరప్‌కి రేప్‌సీడ్. మనం వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశం, మన దగ్గర మిగిలే నూనె లేదు. మిగిలేదల్లా వాడేసిన నూనె. దాన్ని సేకరించడానికి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో రూకో అనే పథకం పెట్టింది, నూనెని పదేపదే కాచినప్పుడు పుట్టే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే వంటకి వాడకూడదని నిబంధన తెచ్చింది. ఆలోచన మంచిదే. కానీ పెద్ద హోటల్ పారేసిన నూనె చిన్న బజ్జీల బండికి చేరుతుంది, అది బయోడీజిల్ ప్లాంటు ఇచ్చే ధర కన్నా ఎక్కువే ఇస్తుంది. ఇప్పుడు విమానాల వాళ్లు కూడా ఇదే నూనె కోసం క్యూలో నిలబడ్డారు. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కి ఒక శాతం, 2030కి 5 శాతం ఇలాంటి నూనెల్లాంటి వాటి నుంచి చేసిన ఇంధనం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. విమానయాన కంపెనీ ఇవ్వగలిగిన ధర లారీ యజమాని ఇవ్వలేడు.

అదే మెకానికల్ బ్రాంచిలో ఇంకో ఇష్టమైన ప్రాజెక్టు చిన్న గాలి టర్బైన్. ఇక్కడా అదే తంతు. హైవే డివైడర్ మీద నిలువు టర్బైన్ పెట్టి లారీల గాలితో కరెంటు తీయడం, అపార్ట్‌మెంటు మేడ మీద ఫ్యాను బిగించడం, ఏటా ఎక్కడో ఒకచోట ఎగ్జిబిషన్‌లో బహుమతి కొడతాయి. లెక్క వేస్తే ఆశ చప్పబడుతుంది. గాలిలోని శక్తి వేగం ఘనాన్ని (క్యూబ్) బట్టి పెరుగుతుంది, అంటే వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. రెండు మీటర్ల వ్యాసం ఉన్న చిన్న టర్బైన్ సెకనుకి 6 మీటర్ల గాలిలో 30 శాతం పట్టుకుంటే వచ్చేది సుమారు 120 వాట్లు. ఊళ్లో మేడల మధ్య మామూలుగా ఉండే 3 మీటర్ల గాలిలో 15 వాట్లు, ఫోను చార్జింగ్‌కి సరిపోతుంది. రెక్క ఆకారం ఎంత చెక్కినా, 59.3 శాతం దాటి ఏ టర్బైనూ గాలి నుంచి శక్తి తీయలేదని ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే చూపించాడు, పెద్ద టర్బైన్లు ఇప్పటికే 45 దాటి నడుస్తున్నాయి. రెక్క దగ్గర మిగిలిన ఖాళీ చాలా తక్కువ.

మరి ఇన్నేళ్లలో గాలి కరెంటు ఎలా పెరిగింది? ఎత్తుకి వెళ్లి. నేల దగ్గర గాలిని చెట్లు, గుట్టలు, ఇళ్లు అడ్డుకుంటాయి, పైకి వెళ్లేకొద్దీ వేగం పెరుగుతుంది. బయలు ప్రదేశాలకి వాడే మామూలు సూత్రం ప్రకారం 30 మీటర్ల స్తంభం నుంచి 120 మీటర్లకి వెళ్తే వేగం 22 శాతం పెరుగుతుంది, శక్తి మాత్రం 80 శాతం. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ అంచనాలు చూసినా అంతే. దేశంలో 100 మీటర్ల ఎత్తులో 302 గిగావాట్లు, 120 మీటర్లలో 695, 150 మీటర్లలో 1,164. నేల అదే, గాలి అదే. ఎత్తు పెంచాలంటే పొడవైన స్తంభం, దానికి తగ్గ పొడవైన రెక్క కావాలి, వాటిని ఘాట్ రోడ్డు మలుపుల్లో లారీ మీద తేవాలి, అంత బరువు ఎత్తే క్రేను కొండ మీదికి ఎక్కాలి. ఇవన్నీ ఇంజినీరింగే, కాకపోతే విండ్ టన్నెల్లో కనపడవు.

అనంతపురం వైపు, రామగిరి కొండల మీద తొంభైల్లోనే టర్బైన్లు వచ్చాయి. ఉరవకొండ చుట్టుపక్కల ఇప్పుడు ఎటు చూసినా అవే. ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్ సామర్థ్యం 4 వేల మెగావాట్లు దాటింది, తెలంగాణలో 128 మెగావాట్లే. రెండింటి మధ్య తేడా చాలావరకు గాలి పెట్టిన తేడా. అయితే 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ రంగానికి తగిలిన దెబ్బ గాలిది కాదు. పాత ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయని ప్రభుత్వం తిరగదోడడానికి చూసింది, కంపెనీలు కోర్టుకి వెళ్లాయి, తేలేవరకు గాలి కరెంటుకి యూనిట్‌కి 2.43 రూపాయలు ఇవ్వమని హైకోర్టు మధ్యంతరంగా చెప్పింది, 2022 మార్చిలో డివిజన్ బెంచి ఒప్పందం ధరే చెల్లించాలని తీర్పిచ్చింది. ఆ రెండింటి మధ్య కాలంలో కొత్త టర్బైన్లు దాదాపు ఆగిపోయాయి. ధరలు ఎక్కువా కాదా అన్నది వాదించదగ్గదే, కరెంటు పంపిణీ చేసే డిస్కంల కష్టాలు డిస్కంలవి. కానీ మూడేళ్ల ఆ సందిగ్ధంలో పోయిన కరెంటుతో పోలిస్తే, రెక్క వంపు మార్చి సాధించే ఒకటి రెండు శాతం ఏ మూలకీ చాలదు.

పాత టర్బైన్ల సంగతీ ఇంతే. తమిళనాడులో ముప్పందల్ కనుమ దేశంలోకెల్లా మంచి గాలి ఉన్న చోట్లలో ఒకటి, అలాంటి చోట ఇప్పటికీ 500 కిలోవాట్ల లోపు పాత టర్బైన్లు పొట్టి స్తంభాల మీద తిరుగుతున్నాయి. తీసేసి మూడు మెగావాట్లవి పెట్టడానికి కేంద్రం 2016లో ఒకసారి, 2023లో ఇంకోసారి రీపవరింగ్ పాలసీ తెచ్చింది. పని నత్తనడకే. అప్పట్లో పన్ను మినహాయింపు కోసం మిల్లుల వాళ్లు తలా ఒకటీ రెండూ కొనుక్కున్నారు, ఒక కొత్త టర్బైన్ రావాలంటే నాలుగైదు పాతవాటి యజమానులు ఒకచోట కూర్చుని వాటాలు తేల్చుకోవాలి. అన్నదమ్ముల మధ్య పొలం పంపకమే ఏళ్లు పడుతుంటే, ఇక ఇది!

పరిశోధన దండగ అని ఎవరూ అనరు. కాకపోతే ల్యాబ్‌లో ఏ పరికరం ఉందో దాన్ని బట్టి ప్రశ్న పుడుతోంది, ఇంజిన్ ఉంది కాబట్టి ఇంజిన్ మీద ప్రాజెక్టు. కానుగ గింజల తడి, నిల్వ, ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ల మీద రెండు సీజన్లు గోడౌన్లో కూర్చుని చేసే పని వ్యవసాయ యూనివర్సిటీదా, కెమికల్ వాళ్లదా, మెకానికల్ వాళ్లదా అన్నది తేలక ఎవరిదీ కాకుండా పోతోంది. టర్బైన్ల విషయంలో అడ్డం ఇంకా మొండిది. దుమ్ముకీ వానకీ రెక్క అంచు ఎంత అరిగింది, ఏ గేర్‌బాక్స్ బేరింగ్ ఎన్నేళ్లకి పోయింది, జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి దంచే రోజుల్లో ఎన్ని గంటలు గ్రిడ్ తీసుకోలేక టర్బైన్ ఆపేశారు, ఇవన్నీ తేల్చడానికి పనికొచ్చే కొలతలు ప్రతి టర్బైన్‌లోని స్కాడా అనే కంప్యూటర్ వ్యవస్థలో పది నిమిషాలకోసారి రికార్డవుతూనే ఉంటాయి. ఆ డేటా కంపెనీల దగ్గర ఉంటుంది, బయటికి ఇవ్వాలని గట్టి నిబంధన లేదు, అడిగిన విద్యార్థికి దొరకదు. యూరప్‌లో కొన్ని కంపెనీలు తమ విండ్ ఫామ్‌ల స్కాడా డేటాని అందరికీ అందుబాటులో పెట్టాయి, దాంతో ఇప్పుడు అనంతపురం పక్కనే ఉన్న కాలేజీలో పీహెచ్‌డీ చేసే కుర్రాడు కిటికీలోంచి కనిపించే టర్బైన్ని వదిలేసి ఇంగ్లండ్, పోర్చుగల్ టర్బైన్ల మీద పేపర్ రాసుకోవాల్సి వస్తోంది.